జంతుపాత్రక్రీడలు: మన్యపు బడిపిల్లల విషయమున వాని ప్రయోజనము

ఆటలు సాహిత్యవిద్యార్థి పరిశీలింపదగిన విషయములా యను ప్రశ్నకు మన పూర్వులే సమాధానము చెప్పియున్నారు. పల్నాటి వీరచరిత్రమున బాలచంద్రుని బొంగరముల యాట కథను మలుపు త్రిప్పిన ఘట్టము. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ యందు రాజుల యుద్ధములకంటె ప్రజల తిండితీర్థములకు, ఆటపాటలకు ఎక్కువ చోటిచ్చిరి. అయినను మన విశ్వవిద్యాలయములలో జానపదగేయమునకును, కథకును లభించిన యాదరము ఆటకు లభింపలేదు. ఆటలో మాట కలదు. ఆ మాటకు వ్యాకరణము కలదు. ఆ వ్యాకరణమును పిల్లలు పాఠ్యపుస్తకము తెరచుటకు ముందే ఆటలో అభ్యసింతురు. ఈ సంగతిని మనము తగినంతగా గమనింపలేదు.

ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనినది యొక ప్రత్యేకమైన క్రీడాజాతి. బల్లచుట్టు కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరు తామొక జంతువుగా భావించుకొని, మాటలతోనే కథను నడపుచు, సందేహస్థలములందు పాచికలు వేసి ఫలితమును తేల్చుకొనెడి యాట ఇది. పాశ్చాత్యులు దీనిని ‘టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్’ అందురు. మేము దీనిని ‘పాత్రక్రీడ’ యనియు, పాత్రలు జంతువులైనచో ‘జంతుపాత్రక్రీడ’ యనియు వ్యవహరింతుము. ఆట క్రొత్తదైనను దాని యంగములు మనకు క్రొత్తవి కావు. గూడెం కొత్తవీధి వంటి మన్యపు బడులలో, ఇంటిభాష యొకటియు బడిభాష వేరొకటియునైన పిల్లల నోరు విప్పించుటకు ఇది మిక్కిలి తగిన సాధనము. ఈ రెండు విషయములను నిరూపించుట మా యుద్దేశము.

1. క్రీడాస్వరూపము

పాత్రక్రీడ సైనికుల బొమ్మలతో ఆడెడి యుద్ధక్రీడలనుండి పుట్టినది. అమెరికాదేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను ప్రకటించిరి. యుద్ధక్రీడలో ఒక ఆటగాడు ఒక సేనను నడపును. ఇందు ఒక ఆటగాడు ఒక్క వ్యక్తిని మాత్రమే నడపును. ఆ వ్యక్తికి పేరుండును, బలమును బలహీనతయు నుండును. ఆడువారిలో ఒకరు కథానిర్వహణము వహింతురు. వీరికి మన నాటకపరిభాషలోని ‘సూత్రధారుడు’ అను పేరే తగియున్నది. సూత్రధారుడు చోటును, సమయమును, ఎదురైన కష్టమును వర్ణించును. ఆటగాండ్రు తమ పాత్రలేమి చేయునో చెప్పుదురు. జరుగుట నిశ్చయమైన పని జరిగిపోవును. జరుగునో జరుగదో తెలియని పనికి పాచిక సాక్ష్యము చెప్పును.

రెండేండ్లకే, అనగా 1976లో, ‘బన్నీస్ అండ్ బరోస్’ అను క్రీడ వెలువడినది. దీని కర్తలు డెన్నిస్ సుస్టేర్, స్కాట్ రాబిన్సన్ అనువారు. 1972లో ఇంగ్లండున ప్రకటింపబడిన రిచర్డ్ ఆడమ్స్ నవల ‘వాటర్‌షిప్ డౌన్’ దీనికి మూలము. ఇందు ఆటగాండ్రందరును కుందేళ్ళు. ఈ మార్పు పైకి చిన్నదిగా కనబడినను ఫలితము పెద్దది. వీరుడు ఖడ్గధారియైనచో ప్రతి కష్టమునకును పోరు పరిష్కారమగును. వీరుడు కుందేలైనచో నక్కతో పోరి గెలువజాలదు. దాగుట, పరుగెత్తుట, ఆలోచించుట, తోడివారిని పిలుచుట అను నుపాయములే దానికి మిగులును. హింసను నిషేధింపకయే హింస నిరర్థకమైనది. పిల్లలతో తల్లిదండ్రులు కూర్చుండి ఆడదగిన పాత్రక్రీడలలో జంతువులు ఇంత తరచుగా కనబడుటకు ముఖ్యకారణ మిదియేయని మా యభిప్రాయము.

తరువాత వచ్చిన క్రీడలు ఈ త్రోవనే విస్తరించినవి. డేవిడ్ పీటర్సెన్ బొమ్మలకథల నాధారముగా గొని ల్యూక్ క్రేన్ రచించిన ‘మౌస్ గార్డ్’ (2008) ఎలుకల కావలిదండును గూర్చినది. ‘మౌస్‌రిట్టర్’ (2020) యందును వీరులు ఎలుకలే. ‘మాజికల్ కిట్టీస్ సేవ్ ది డే’ అను దానిలో ప్రతి పిల్లియు తన యింటి మనుష్యుని కష్టమును తీర్చుటకు పాటుపడును. జే డ్రాగన్ రచించిన ‘వాండర్‌హోమ్’ (2021) యందు పాచికలే లేవు. యుద్ధము ముగిసిన దేశమున జంతుజనులు ఊరూర తిరుగుచు అతిథులై బ్రతుకుట దాని కథావస్తువు.

2. నియమమును భావనయు

ఫ్రెంచి విద్వాంసుడు రోజర్ కైవా 1958లో ఆటలను గూర్చి వ్రాసిన గ్రంథమున వానిని నాలుగు తెగలుగా విభజించెను: పోటీ, అదృష్టము, అనుకరణము, తల తిరుగుటలోని యానందము. మన యాటలకు ఈ విభాగము చక్కగా నన్వయించును. పులిజూదము కేవలము పోటీ; పాచిక దాని జోలికి రాదు. వైకుంఠపాళి కేవలము అదృష్టము. ఆడువాని తెలివి దాని జోలికి రాదు. బొమ్మలపెండ్లి, గుజ్జనగూళ్ళు అనుకరణములు. గిరగిర తిరిగి క్రిందపడు చిన్నపిల్లల యాటలు నాలుగవ తెగకు చెందినవి.

అయితే కైవా మరియొక మాట చెప్పెను. ఆట నియమబద్ధమైనను కావలెను, భావనామయమైనను కావలెను. రెండును నొక్కచోట నుండవని యతని సిద్ధాంతము. చదరంగ మాడువాడు తాను రాజునని భావింపనక్కరలేదు. బొమ్మలపెండ్లి చేయు బాలికకు గెలుపోటముల నియమ మక్కరలేదు. ఈ సిద్ధాంతము వెలువడిన పదునాఱేండ్లకు పుట్టిన పాత్రక్రీడ దీనిని ఖండించినది. కాని యంత దూరము పోనక్కరలేదు. మన వీథులలోని ‘పులి–మేక’ యాటయే చాలిన ప్రత్యుదాహరణము. పిల్లలు చేతులు పట్టుకొని వలయముగా నిలుతురు. లోపల మేక, వెలుపల పులి. మేకకు దారి యిచ్చుటకు చేతులెత్తుదురు. పులిని ఆపుటకు చేతులు దించుదురు. ఇందు నియమము కఠినము: వలయము తెగరాదు, పులి ముట్టినచో మేక చిక్కినట్లే. భావనయు నంతే గాఢము: పులియైన పిల్లవాడు గాండ్రించును, మేకయైన పిల్ల అరచును, వలయమున నిలిచినవారు మేకపక్షము వహింతురు.

ఇదే పేరుగల పటపుటాటను దీనితో పోల్చి చూడవలెను. పులిజూదపు పటమున ఇరువదిమూడు స్థానములు, మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపును. మేకలకు చంపుశక్తి లేదు. పులులు కదలలేకుండ చుట్టుముట్టుటయే వాని గెలుపు. రాతియరుగులపై గీచిన గీతలతో, గులకరాళ్ళతో తరతరములుగా సాగిన యీ యాట చెప్పునది యొకటే: బలహీనులకు బలము కూడికయందే కలదు. ‘బన్నీస్ అండ్ బరోస్’ కుందేళ్ళకు చెప్పినదియు నిదియే. భేదమేమనగా, పులిజూదమున మేకకు నోరు లేదు, జంతుపాత్రక్రీడలో కలదు.

3. మిత్రలాభము: కథయందలి కూటమి

నోరుగల జంతువులు మన సాహిత్యమునకు పంచతంత్రమునుండి పరిచితములు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’ యందలి మిత్రలాభమును పాత్రక్రీడాదృష్టితో చదివినచో నొక విశేషము స్ఫురించును. కాకి, ఎలుక, తాబేలు, లేడి యను నలుగురు మిత్రులలో నే యొక్కటియు వేటకాని నెదుర్కొనజాలదు. తాబేలు చిక్కినప్పుడు లేడి చెఱువుగట్టున చచ్చినట్లు పడియుండును. కాకి దానిని పొడుచుచున్నట్లు నటించును. వేటకాడు లేడికై పరుగెత్తగా ఎలుక త్రాడు కొఱుకును. తాబేలు నీటిలో దిగును. ప్రతి జంతువును తన శరీరమునకు సాధ్యమైన పనినే చేయును. నలుగురి పనులును కలిసిననే కార్యసిద్ధి. పాత్రక్రీడను కల్పించువారు పాత్రలకు వేర్వేరు శక్తుల నిచ్చి కూటమిని గూర్చుట సరిగా నిట్టిదే.

అయినను కథకును క్రీడకును నొక మౌలికభేదము కలదు. కథలో ఉపాయము కవి చెప్పగా పిల్లలు వినుదురు. క్రీడలో వేటకాడు వచ్చెనని సూత్రధారుడు చెప్పి యూరకుండును. ఉపాయమును పిల్లలే వెదకవలెను, వెదకినదానిని మాటలతో తోడివారికి నచ్చజెప్పవలెను. నీతి వినుట వేరు, నీతిని నిర్ణయించుట వేరు.

4. ఉత్తమపురుషప్రయోగము

ఇచ్చట వ్యాకరణవిషయ మొకటి ముచ్చటింపదగియున్నది. తెలుగున జంతువాచకము లమహత్తులు. కథలో జంతువు మాటలాడ మొదలిడగానే వావివరుసలు చేరి కోతిబావ, నక్కబావ, కాకమ్మ యనునవి పుట్టి, అమహత్తు మనుష్యవర్గమున ప్రవేశించును. క్రీడ ఇంకను నొకడుగు ముందునకు వేయును: జంతువు ఉత్తమపురుష మగును. తెలుగు ఉత్తమపురుషక్రియకు లింగభేదము లేదు. ‘నేను వచ్చితిని’ అను వాక్యము బాలునికి, బాలికకు, ఎలుగుబంటికి, ఎలుకకు సమానమే. ప్రథమపురుషమున విడివడియున్నవారందరు ఉత్తమపురుషమున నొక్కటియగుదురు.

తరగతిలో పిల్లలు ఎక్కువగా వాడునది ప్రథమపురుషము, భూతకాలము: ‘రాజు వెడలెను’, ‘కాకి నీరు త్రాగెను’. ఉపాధ్యాయు డడిగినదానికి బదులు చెప్పుటయే వారి పని, ప్రశ్నించుట యరుదు. క్రీడలో నిది తలక్రిందులగును. ‘ఆ గుహలో ఏమున్నది?’ అని ప్రశ్న, ‘నేను చెట్టెక్కుదును’ అని భవిష్యత్తు, ‘నీవు కూసినచో నేను త్రాడు కొఱుకుదును’ అని చేదర్థకము, ‘పరుగెత్తు!’ అని విధ్యర్థకము. ఇవి యన్నియు అవసరమువలన పుట్టును గాని అభ్యాసపట్టికవలన గాదు.

మనము, మేము అను సర్వనామముల భేదమును పరికింపుడు. ఎదుటివానిని కలుపుకొనునది ‘మనము’, విడచునది ‘మేము’. ఇంగ్లీషున లేని యీ భేదమును సూత్రము చెప్పి బోధించుట కష్టము. క్రీడలో కూటమి తమలో తాము ‘మనము వాగు దాటుదము’ అని, పులితో ‘మేము వాగు దాటి వచ్చితిమి’ అని చెప్పకతప్పదు. తప్పుగా చెప్పినచో పులియు కూటమిలో చేరిపోవును! పిల్లలే నవ్వి సవరించుకొందురు.

5. గూడెం కొత్తవీధి మన్యము

ఇక నీ క్రీడకు మన్యమున నేల ప్రత్యేకప్రయోజనము కలదో చెప్పవలెను. చింతపల్లికి ఆవల, ధారకొండ, సీలేరులవైపు సాగు కొండలలో గూడెం కొత్తవీధి మండల మున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదైన యీ మండలము 2022 ఏప్రిల్ 4నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. బగత, కొండదొర, ఖోండు, వాల్మీకి మొదలైన తెగలవా రిచ్చట నివసింతురు. ఈ మన్యమున తెలుగుతోబాటు ద్రావిడకుటుంబమునకు చెందిన కువి, ఆర్యకుటుంబమునకు చెందిన ఆదివాసీ ఒడియా మొదలైన భాషలు వినవచ్చును. కువిలో మనము–మేము భేదము తెలుగులోవలెనే యున్నది. కావున కువి మాటలాడు పిల్లకు ఆ భేదము క్రొత్త కాదు, మాట మాత్రమే క్రొత్త.

ఇంట తెలుగులేని పిల్ల బడిలో మౌనముగా నుండును. ఆ మౌనమును మందబుద్ధియని పొరపడుట బడులకు పాత యలవాటు. ఆ పొరపాటువలన పిల్ల చదువు మాత్రమేకాదు, తన భాషపై తనకుగల గౌరవమును చెడును. గిడుగు రామమూర్తిగారు ఈ యన్యాయమును మొదటనే గుర్తించి, సవరభాషను నేర్చి, సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పింపవలెనని బడులు పెట్టించి, పుస్తకములు వ్రాసిరి; వారి సవరభాషా వ్యాకరణగ్రంథము 1931లో వెలువడినది. 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలైన ఎనిమిది భాషలలో ప్రాథమికవిద్య నారంభించుట ఆ త్రోవలోనిదే. పుస్తకము వచ్చిన తరువాతను పిల్ల మాటలాడవలసిన సందర్భము కావలెను. తానుగా మాటలాడుటకు జంకెడి పిల్ల అలుగుగా, గోరువంకగా మాటలాడుటకు జంకదు. తప్పు పలికినను తప్పు అలుగుదే గాని తనది కాదు!

జంతువును ధరించుట ఈ కొండలకు అరువు తెచ్చుకొన్న విద్య కాదు. మన్యపు ధింసానృత్యభేదములలో ‘బాగ్ ధింసా’ పులి దాడినుండి తప్పించుకొను విధమును ప్రదర్శించును. కొందరు చేతులు కలిపి వలయముగా నిలువగా, మిగిలినవారు పామువలె మెలికలు తిరుగుచు ఆ వలయమున ప్రవేశింతురు. వీథిలోని పులి–మేక వలయమును చూచినవారికి ఈ పోలిక తట్టకమానదు. ఒకదానినుండి మరియొకటి పుట్టినదని మేము చెప్పము. వలయమే రక్షణ యను భావము రెండింటికిని సమానమని మాత్రము చెప్పుదుము.

అంతకంటె ముఖ్యమైనది ఇంటిపేర్ల విషయము. ఈ మన్యపు తెగలలో కిల్లో, వంతాల, గొల్లోరి, పాంగి, కిముడు, కొర్రా అను వంశనామములు కలవు. కిల్లో యనగా పులి, వంతాల యనగా పాము, గొల్లోరి యనగా కోతి, పాంగి యనగా గద్ద, కిముడు యనగా ఎలుగు, కొర్రా యనగా సూర్యుడు. ఒక వంశమువా రందరు నన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి కూడదు. బడి హాజరుపట్టికలో ఉపాధ్యాయుడు పిలిచెడి పేర్లలోనే అడవి నిండియున్నది. కావున పట్టణపు పిల్లకు ఎలుగుబంటి యొక వేషము. ఇచ్చటి పిల్లకు అది చుట్టమైనను కావచ్చును.

6. ఒక నమూనా

ఈ విషయముల నన్నిటిని మనస్సున నుంచుకొని ఉపాధ్యాయులు స్వల్పవ్యయముతో నాడింపదగిన క్రీడారీతి నొకదానిని సూచింతుము. పాచికలకు బదులు రెండు చింతపిక్కలను చీల్చి నాలుగు బద్దలు చేసికొనిన చాలును. బద్దకు ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. నాలుగింటిని వేసినచో పదునాఱు విధములుగా పడవచ్చును: తెలుపు లేకుండుట 1 విధము, ఒకటి 4, రెండు 6, మూడు 4, నాలుగు 1. రెండు లేక అంతకెక్కువ తెలుపులు పడినచో పని జరిగినట్లు నియమించినచో, పదునాఱింట పదునొకండు మారులు జయము లభించును. బద్దలు సరిసమానముగా నుండవు గనుక లెక్క కొంచెము తప్పవచ్చును. ఎన్నిమారు లెట్లు పడినదో వ్రాసికొనుట పిల్లలకు మంచి గణితపాఠము.

కూటమి నలుగురితో నుండవలెను. ఎలుగు: బలము మెండు, చూపు మందము. అలుగు: మన్ను త్రవ్వును, చుట్టుకొనినచో దానిని విప్పుట కష్టము; పరుగు రాదు. కొండగోరువంక: ఎవరి గొంతునైనను అనుకరించును, దేహబలము లేదు. కుందేలు: వేగము, వినికిడి కలవు, భయము మెండు. పాత్రకు చేతనైన పనికి ఒక తెలుపు అదనముగా లెక్కింపవలెను. చేతకాని పనికి ఒకటి తీసివేయవలెను. కార్యము పిల్లలెఱిగినదిగా నుండవలెను: కొండవాగు ఎండినది, ఊట ఎక్కడ తెగినదో కనుగొనవలెను, లేదా కాఫీతోటలో తప్పిపోయిన లేడిపిల్లను తల్లికడకు చేర్చవలెను. ఓడిన పాత్ర చావదు; అలసి యొక వంతు ఊరకుండును, తోడివారు దానిని మోయవలెను.

కూటమి తమలో ఇంటిభాషలో ఆలోచించుకొనవచ్చును. సూత్రధారునితో మాత్రము తెలుగున చెప్పవలెను. గోరువంక పాత్రధారి ఈ రెంటికి నడుమ దుబాసి యగును. ఇట్లు ఇంటిభాష దండనకు గురియగు దోషముగా గాక, కూటమికి మాత్రమే తెలిసిన రహస్యసంపదగా మారును. ఉపాధ్యాయు డా భాష నెఱుగనిచో నష్టము లేదు. పిల్లలకు తెలిసి తనకు తెలియని దొకటి కలదని యాయన యొప్పుకొనుటయే బడిలో నొక గొప్ప మార్పు.

7. జాగ్రత్తలు

మొదటిది: ఏ జంతువునైనను శత్రువుగా నిర్ణయించుటకు ముందు తరగతిలోని వంశనామములను పరికింపవలెను. కిల్లో యింటి పిల్లలున్నచోట పులిని ఎల్లప్పుడును దుష్టునిగా చూపుట తగదు. కష్టమునకు మూలము జంతువే కానక్కరలేదు. వాన, మంట, ఆకలి, దారి తప్పుట చాలును. ఏ జంతువును ధరింపవచ్చునో యేది కూడదో ఊరి పెద్దల నడిగి తెలిసికొనుట మేలు. రెండవది: సూత్రధారుడు న్యాయమూర్తియే గాని ప్రత్యర్థి కాడు. పిల్లల యుపాయము తన యూహకు భిన్నమైనను సాధ్యమైనచో అంగీకరింపవలెను. మూడవది: ఆటను పరీక్షగా మార్చి మార్కులు వేయరాదు. మార్కు వచ్చిన చోట అలుగు పోయి మరల జంకెడి పిల్లయే మిగులును.

ఈ వ్యాసమున మేము చెప్పినదాని సారమిది. జంతుపాత్రక్రీడ యందు మన పులి–మేకలోని నియమమును భావనయు, మిత్రలాభమునందలి కూటమియు, పులిజూదము చాటు ఐకమత్యమును కలిసియున్నవి. క్రొత్తగా చేరినది పిల్లల వాక్కు. పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయదగిన పని యెంతయో కలదు. మన్యమున పిల్లలాడు జంతువుల యాటలను, ఆటలో వారాడు మాటలను, ఆయా భాషలలోనే సేకరింపవలెను. చెప్పినవారి యనుమతి గొనవలెను. సేకరించినదానిని మరల వారి బడికే అందజేయవలెను. గేయమును సేకరించునప్పుడు పాడువాని యెదుట కూర్చున్న చాలును. ఆటను సేకరింపదలచినవాడు మాత్రము పిల్లలతో నేలపై కూర్చుండి, వారిచ్చిన జంతువును స్వీకరించి, తన వంతు వచ్చినప్పుడు చింతబద్దలు వేయవలెను.